చివరి కొళాయి దాకా క్లోరిన్ ఎందుకు రావట్లేదు: మా ఊరి నీళ్ల డైరీ

మార్చి 23

ఇంట్లో కొళాయి ఉంది, రెండు పూటలా నీళ్లొస్తాయి, అయినా తాగడానికి మాత్రం ఇరవై లీటర్ల టిన్ను కొంటాం. మా ఒక్క ఇల్లే కాదు, ఊళ్లో సగం పైన ఇళ్లు అంతే. ఎందుకూ అంటే "కొళాయి నీళ్లు బాగోవండి" అంటారు, ఎలా బాగోవు అనడిగితే వాసనంటారొకరు, పసరంటారొకరు, ఇంకొకళ్లు అసలు ఆ ప్రశ్నేంటన్నట్టు చూస్తారు. మా అమ్మ వంటకి కొళాయి, తాగడానికి టిన్ను. అదేం లెక్కో నాకు చిన్నప్పటినుంచీ అర్థం కాలేదు.

మాది భీమవరానికి కిందవైపు డెల్టా ఊరు. బోరేస్తే ఉప్పునీళ్లే, కాబట్టి అందరికీ ఆధారం కాలవ. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి బయల్దేరిన నీళ్లు ఎన్ని ఊళ్లు దాటొస్తాయో, ఆ ఊళ్లన్నిటి బట్టలు, గేదెలు, డ్రెయిన్లు చూసుకుంటూ మా మంచినీళ్ల చెరువులోకొస్తాయి. అక్కణ్ణుంచి ఇసక ఫిల్టర్ బెడ్లు, తర్వాత సంపు, తర్వాత ఓవర్‌హెడ్ ట్యాంకు, తర్వాత కొళాయి.

పోయిన వారం పేటలో చివరి వీధిలో పదకొండు మందికి వాంతులు విరోచనాలు. ఏఎన్ఎం గారు, ఆశా అక్క వచ్చి ఓఆర్ఎస్ ప్యాకెట్లు, క్లోరిన్ బిళ్లలు పంచేరు, అందరూ కోలుకున్నారు. కానీ 2018లో గుంటూరులో, 2024లో విజయనగరం వైపు గుర్లలో డయేరియాతో మనుషులు పోయిన సంగతి గుర్తొచ్చి రాత్రి నిద్ర పట్టలేదు. నాకు వర్క్ ఫ్రమ్ హోమ్, పొద్దున్న తొమ్మిది దాకా ఖాళీ. మా బావ భీమవరంలో కెమిస్ట్రీ లెక్చరర్. ఇద్దరం కలిసి అసలు తేడా ఎక్కడుందో చూద్దామనుకున్నాం, రాసి పెట్టుకోకపోతే నాకే గుర్తుండదని ఈ డైరీ.

మార్చి 30

ట్యాంకు దగ్గరికెళ్లాం. పంపు ఆపరేటర్‌ని ఊరంతా బాబాయ్ అంటారు, మేమూ అంతే. మొదట కొంచెం చిరాకు పడ్డాడు, "ఏరా అబ్బాయ్, నన్ను సస్పెండ్ చేయిద్దామనా" అని. కాదు బాబాయ్ నేర్చుకుందామని అంటే టీ ఇప్పించేడు.

లెక్కలు: జనాభా మూడు వేల లోపు, ట్యాంకు 90 వేల లీటర్లు, రోజుకి రెండుసార్లు నింపి రెండుసార్లు వదుల్తారు. మనిషికి రోజుకి 55 లీటర్లు అనేది జల్ జీవన్ మిషన్ లెక్క, ఆ లెక్కన మాకు నీళ్లకి కొరత లేదు. ఫిల్టర్ బెడ్లు రెండు, ఒక్కోటి సుమారు 8 మీటర్లకి 5 మీటర్లు. వీటిని స్లో శాండ్ ఫిల్టర్లంటారు, గంటకి పది సెంటీమీటర్ల చొప్పున మాత్రమే నీళ్లు ఇసకలోంచి దిగాలి, అంతకంటే తొందరపెడితే పనిచెయ్యవు. రెండూ కలిపి రోజంతా నడిస్తే లక్షా తొంభై వేల లీటర్ల దాకా వస్తాయి, అంటే రాత్రీ పగలూ ఆపకుండా నడిస్తేనే సరిపోతాయి. బాబాయ్ మాత్రం సంపు నిండగానే వాల్వ్ కట్టేసి ఇంటికెళ్లి పడుకుంటాడు, పొద్దున్నే వచ్చి బాగా తిప్పి వదుల్తాడు. తప్పు పట్టడానికేం లేదు, ఆయనకెవరూ చెప్పలేదు.

ఈ ఫిల్టర్లో పనిచేసేది ఇసక ఒక్కటే కాదు, ఇసక పైన జిగటగా పట్టే పాచిలాంటి పొర. అందులో ఉండే సూక్ష్మజీవులే మన రోగాల జీవుల్ని తినేస్తాయి. వాటికి గాలి కావాలి, నీళ్లు కదులుతూ ఉండాలి, రాత్రంతా ఆపేస్తే అవి ఊపిరాడక చస్తాయి. 1892లో జర్మనీలో హాంబర్గ్‌లో కలరా వచ్చి ఎనిమిది వేల మందికి పైగా పోతే, అదే ఎల్బ్ నది నీళ్లు తాగే పక్క ఊరు ఆల్టోనా చాలావరకు బయటపడింది, వాళ్లకి ఇలాంటి ఇసక ఫిల్టర్ ఉండబట్టి. బాబాయ్‌కి ఈ కథ చెప్తే తెగ నచ్చింది, "అంటే మన బెడ్డు కలరా ఆపుద్దన్నమాట" అని ఇప్పుడు వచ్చిన ప్రతివాళ్లకీ చెప్తున్నాడు.

ఏప్రిల్ 2

మొదటి కొలతలు. టీడీఎస్ మీటర్ ముందే ఉంది, ఆన్‌లైన్లో కొన్నది. కొళాయి నీళ్లు 210, టిన్ను నీళ్లు 40. టిన్నులమ్మే కుర్రాడు ఇదే మీటర్ పెట్టి "చూడండి ఎంత తేడానో" అంటాడు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 దాకా ఏ ఇబ్బందీ లేదు. పైగా ఆ మీటర్ చూసేది కరిగిన ఉప్పుల్ని, క్రిములు అందులో కనబడవు, డ్రెయిన్ నీళ్లు ఒక చెంబుడు కలిపినా ఆ అంకె పెద్దగా కదలదు. ఈ మీటర్ మీద ఊరంతటికీ ఉన్న నమ్మకం చూస్తే నాకు ఒళ్లు మండుద్ది.

క్లోరిన్ చూడ్డానికి పంచాయతీలో ఒక క్లోరోస్కోప్ ఉంది, నీళ్లలో ఓటీ (ఆర్థోటోలిడిన్) చుక్కలేస్తే, క్లోరిన్ ఉంటే పసుపు రంగొస్తుంది. సీసా మీద గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ ఓటీ మందు ఒంటికి మంచిది కాదు, చాలాచోట్ల మానేశారు. బావ కాలేజీ నుంచి డీపీడీ బిళ్లలు తెచ్చేడు, క్లోరిన్ ఉంటే గులాబీ రంగొస్తుంది, ఎంత ముదురు రంగైతే అంత క్లోరిన్.

ట్యాంకు కింద వాల్వ్ దగ్గర: 0.2. రామాలయం వీధి: లేత గులాబీ, కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే ఉన్నట్టు. పేట చివరి కొళాయి: తెల్లగా, ఏమీ లేదు. మర్నాడు మళ్లీ అంతే.

పైపుల్లో దారిలో ఏ క్రిమి చేరినా చంపడానికి చివరి కొళాయిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలుండాలి లీటరుకి. మా ఊళ్లో ట్యాంకు దగ్గరే బొటాబొటీగా 0.2.

ఏప్రిల్ 5

నీళ్లలో క్రిములు చూసే హెచ్2ఎస్ సీసాలు ఒక డజను వచ్చేయి. చిన్న సీసా, లోపల పొడి మందు ఉంటుంది, గీత దాకా నీళ్లు పోసి మూత పెట్టి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచాలి, నల్లబడితే పేడ, మలం తాలూకు క్రిములు కలిసే అవకాశం ఉందన్నట్టు. మన దేశంలోనే తయారైన పద్ధతి, 1980ల మొదట్లో. ఏప్రిల్ ఎండకి ఇంక్యుబేటరెందుకు, మా అటకే ఇంక్యుబేటర్.

కొళాయి మూతిని స్పిరిట్ దీపంతో కాల్చి, చేతులు తగలకుండా పట్టేం. సంపు, ట్యాంకు, రామాలయం, బడి, పేట చివర, ఇంకా సరదాకి మూడు ఇళ్ల టిన్ను నీళ్లు.

ఏప్రిల్ 7

పేట చివర సీసా ఇరవై గంటలకే బొగ్గులా అయిపోయింది. బడి దగ్గరది రెండో రోజు సాయంత్రానికి బూడిద రంగు. సంపు, ట్యాంకు, రామాలయం మారలేదు. అంటే ఫిల్టర్ ఏదో ఒక మాదిరిగా పని చేస్తూనే ఉంది, తేడా ట్యాంకు దాటేకే.

టిన్నుల్లో ఒకటి నల్లబడింది! అదీ మా ఇంటిదే. అమ్మ మొహం చూడాలి. ఆర్‌ఓ దగ్గర నీళ్లు బాగానే ఉండుంటాయి, కానీ టిన్నులో క్లోరిన్ అన్నదే ఉండదు, కడిగే చెయ్యి, మూత, కింద కొళాయి ఏది మురికైనా ఆపేవాడెవడూ లేడు లోపల. ఏ ప్లాంటో ఇక్కడ రాయను, ఒక్క సీసాతో ఒకరి వ్యాపారం మీద మాటనడం సరికాదు, వాళ్లకే నేరుగా చెప్పేను.

ఏప్రిల్ 13

ఈ వారమంతా బ్లీచింగ్ పౌడర్ మీదే. బస్తా జనవరిలో విప్పింది, నోరు తెరిచే ఉంది, ట్యాంకు కింద తేమలో గడ్డలు కట్టి. మంచి పౌడర్లో మూడో వంతు దాకా క్లోరిన్ ఉండాలి, పాతబడేకొద్దీ గాల్లోకి పోతుంది. ఎంత మిగిలిందో ఇంట్లోనే చూశాం: బావ త్రాసులో ఒక గ్రాము తూచి లీటర్ ఆర్‌ఓ నీళ్లలో కలిపి, అందులోంచి 5 మిల్లీలీటర్లు తీసి ఇంకో లీటర్లో వేసి డీపీడీ పెట్టేం. అంటే లీటరుకి 5 మిల్లీగ్రాముల పౌడర్ ఉన్నట్టు. మంచి సరుకైతే 1.25 నుంచి 1.5 చూపించాలి. చూపించింది 0.5. అంటే పదో వంతే క్లోరిన్, మిగతాది సున్నం.

బాబాయ్ వేసేది పూటకి ఒక డబ్బా, తూస్తే అరకిలో. ఈ సరుకుతో అది 90 వేల లీటర్లకి లీటరుకి 0.55 మిల్లీగ్రాములు. నీళ్లలో ఉన్న పాచీ మట్టీ ముందు కొంత తినేస్తాయి, మిగిలింది ఆ 0.2. లెక్క అచ్చం సరిపోయింది, బావ ఆనందం పట్టలేక టీ గ్లాసు పడేశాడు.

ఇంకోటి, ట్యాంకు నిండేక పైనుంచి పొడి పొడిగానే చల్లేవాడు. సున్నం గడ్డలు అడుగుకి పోతాయి, కలవదు. ఇప్పుడు పద్ధతి మార్చేం: ప్లాస్టిక్ బకెట్లో ముందు కొంచెం నీళ్లతో దోసెపిండిలా కలిపి, తర్వాత బకెట్ నిండా నీళ్లు పోసి అరగంట తేరనిచ్చి, పైన తేట మాత్రం, ట్యాంకు నింపడం మొదలైనప్పుడే పోసెయ్యడం. పోసేక కనీసం అరగంట ఆగి నీళ్లు వదలాలి. కొత్త బస్తా వచ్చింది, మా పరీక్షలో 25 శాతం పైనే. లీటరుకి రెండు మిల్లీగ్రాములు కావాలంటే 180 గ్రాముల క్లోరిన్, అంటే 720 గ్రాముల పౌడర్. గోడమీద సుద్దతో పెద్దగా రాశాం. బస్తాని మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టేం, ఇది మొత్తం ప్రాజెక్టులో అన్నిటికంటే చవకైన పని.

ఫలితం: ట్యాంకు దగ్గర 1.0, రామాలయం 0.6, బడి 0.3, పేట చివర... సున్నా. మళ్లీ సున్నా! ఇంత వేసినా ఆఖరి వందగజాల్లో ఎవరో తినేస్తున్నారు. ఈలోపు "బ్లీచింగ్ వాసనొస్తోంది, ఈ నీళ్లు ఎలా తాగాలి" అని రామాలయం వీధి నుంచి కంప్లయింటు సర్పంచ్ గారి దాకా వెళ్లింది. బిందెలో పట్టి గంట మూత తీసి ఉంచితే వాసన తగ్గుద్దని ఆశా అక్క ఇంటింటికీ చెప్పింది, నేను చెప్తే వినలేదు, అక్క చెప్తే విన్నారు.

ఏప్రిల్ 21

దాళ్వా (రెండో పంట) కోతలైపోయేయి, కాలవలు కట్టేశారు. జూన్ దాకా చెరువులో ఉన్నవే. ఎండకి నీళ్లు ఆకుపచ్చగా అయ్యేయి. పొద్దున పీహెచ్ 8.1, మధ్యాహ్నం మూడింటికి 8.8. పాచి ఎండలో ఊపిరి పీల్చినట్టు నీళ్లలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ లాగేస్తుంది, దాంతో పీహెచ్ పెరుగుద్ది, పీహెచ్ ఎక్కువైతే క్లోరిన్ పదును తగ్గుద్ది. అందుకని చెరువు నుంచి బెడ్లకి తోడటం తెల్లవారుజామున ఎక్కువ పెట్టుకోమన్నాం.

ఒకటో బెడ్డు గీకాల్సిన టైమొచ్చింది, నీళ్లు దిగట్లేదు. నేనూ దిగేను పార పట్టుకుని. పద్ధతి ప్రకారం నీళ్లు ఇసక కింద ఒక జానెడు దాకా దించి, పైన పొర ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే తియ్యాలి. అంటే వేలి మందం. ఇన్నాళ్లూ కూలీలు బెత్తెడు లోతు తీస్తున్నారు, "శుభ్రంగా ఉంటుందని". అలా తీసీ తీసీ మీటరుండాల్సిన ఇసక అడుగున్నరకొచ్చింది. తీసిన ఇసక కడిగి మళ్లీ వెయ్యాలి, అది ఎవరింటి అరుగు కిందకెళ్లిందో ఊరందరికీ తెలుసు.

పైగా పోయినేడు కొత్తగా వేయించిన ఇసక చూస్తే ఇల్లు కట్టే ఇసక. సీసాలో సగం ఇసక, సగం నీళ్లు పోసి ఊపి పెట్టేం, గంట తర్వాత ఇసక మీద వేలెడు బురద పేరింది. ఫిల్టర్ ఇసక సన్నగా, 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల మధ్య, బురద లేకుండా ఉండాలి. ఇది ఇప్పుడు మార్చలేం, మారిస్తే అన్నాళ్లూ రెండో బెడ్డు ఒక్కదాని మీదే బతకాలి. ఇసక మార్చే పని వర్షాకాలానికి రాసి పెట్టేం. ఆర్థిక సంఘం గ్రాంటులో మంచినీళ్లకే ఖర్చు పెట్టాల్సిన భాగం ఒకటుంది కదా అని కార్యదర్శి గారిని అడిగేను, "ఎస్టిమేట్ వేయించి తెండి" అన్నారు. చూద్దాం.

గీకేక బెడ్డులోకి పైనుంచి కాకుండా కిందనుంచి నెమ్మదిగా నీళ్లు ఎక్కించాలి, లేకపోతే ఇసకలో గాలి బుడగలు ఇరుక్కుంటాయి. పొర మళ్లీ పట్టేదాకా వారం రోజులు ఆ బెడ్డు నీళ్లు బయటకే వదిలేం. నీళ్లు లేని రోజుల్లో నీళ్లు పారబోస్తున్నారని తిట్లు తిన్నాం, తిట్టినవాళ్లది న్యాయమే, చెరువు మట్టం చూస్తే నాకూ గుండె దడే. చివరికి ఆ నీళ్లు తిరిగి చెరువులోకే పడేటట్టు ఒక పైపు వేశాడు బాబాయ్. ఈ ఆలోచన మా ఇద్దరికీ రాలేదు, ఒకడు ఇంజనీరింగు, ఒకడు ఎమ్మెస్సీ.

మే 4

ఇప్పుడు అసలు కథ. బడికీ పేట చివరికీ మధ్య ఏముందో.

పొద్దున ఐదున్నరకి నీళ్లు వదులుతారు. వదలగానే మొదటి చెంబు ఒక సీసాలో, పావుగంట తర్వాత ఇంకో సీసాలో పట్టేం, నాలుగు కొళాయిల దగ్గర. బడి గోడ దాటేక మొదటి చెంబులన్నీ ఒక్క రోజులో నలుపు, పావుగంట తర్వాత పట్టినవాటిలో ఒక్క సీసానే నలుపు, మిగతావి ఆలస్యంగా బూడిద రంగు. అంటే నీళ్లు ఆగిపోయిన టైములో పైపులోకి ఏదో వస్తోంది, వదిలినప్పుడు అది ముందు కొట్టుకొస్తోంది. ఆ వీధిలో ఒక పెద్దమ్మ చెప్పింది, "ముందు బిందె ఎప్పుడూ గేదెకే పోస్తానయ్యా, వాసనొస్తది". మేం నెలన్నర తిరిగి కనిపెట్టింది ఆవిడకి ఎన్నేళ్లుగానో తెలుసు, ఎవరూ అడగలేదంతే.

నీళ్లొస్తున్నప్పుడు సైడు కాలవ వెంబడి నడిచేం. బడి మలుపు దగ్గర మురుగులో ఒకచోట తేట నీళ్లు బుడబుడమంటున్నాయి. తవ్వితే పాత ఇనప కనెక్షన్ పైపు తుప్పుపట్టి కాలవ అడుగునే పడుంది, ఇంకో అడుగు అవతల ఎప్పుడో తీసేసిన కనెక్షన్‌కి చెక్క బిరడా కొట్టి సైకిల్ ట్యూబు చుట్టేరు. నీళ్లున్నప్పుడు అవి బయటకి కారతాయి, ఆగేక మురుగు లోపలికి దిగుద్ది.

దానికి తోడు మోటార్లు. కొళాయికే నేరుగా అరహెచ్‌పీ మోటారు బిగించి లాగితే పైపులో ఒత్తిడి పోయి ఎక్కడ చిల్లుంటే అక్కడ మురుగుని పీల్చుకుంటుంది. లెక్కపెడితే ముప్పై రెండు ఇళ్లకి ఉన్నాయి. ముప్పై మూడోది మాది. నాన్నతో ఆ రాత్రి పెద్ద గొడవ, "అందరూ తీసేస్తే నేనూ తీస్తా" అన్నారు. ప్రతివాళ్లూ అదే అంటున్నారు. మర్నాడు నేనే స్పానర్ పట్టుకుని తీసేశాను, ఇప్పుడు మాకు కింద సంపులోకి నీళ్లు వాటంతటవే పడతాయి, అక్కణ్ణుంచి పైకి మోటారు. నాన్న రెండ్రోజులు మాట్లాడలేదు.

ఒక మాట అనకుండా ఉండలేను. పైపు లైను ఎటునుంచి గీసినా చివరి కొళాయి మాత్రం ఎప్పుడూ పేటలోనే ఎందుకు పడుద్దో.

మే 9

రెండు చోట్లా కోసి కొత్త పీవీసీ ముక్క, సాడిల్ వేశాం. కాలవ దాటే చోట పైపుని మురుగు పైనుంచి ఇనప గొట్టంలో దూర్చి తీసుకెళ్లేం, మళ్లీ తుప్పు పట్టినా కంటికి కనబడాలని. ప్లంబర్ కూలీ పంచాయతీ ఇచ్చింది, సామానుకి మేమూ ఇంకో నలుగురూ వేసుకున్నాం. పని జరిగిన మూడ్రోజులూ పేట వాళ్లని నీళ్లు కాచుకోమన్నాం, తెర్లితే ఒక నిమిషం చాలు. గ్యాస్ ఎవడిస్తాడు అని ఒకాయన అడిగేడు. నా దగ్గర సమాధానం లేదు, క్లోరిన్ బిళ్లలిచ్చేం.

అతుకులయ్యేక లైన్లో బాగా ఎక్కువ క్లోరిన్ పెట్టి రాత్రంతా ఉంచి పొద్దున్నే చివరి కొళాయి నుంచి వదిలేశాం. ఆ నీళ్లు ఎవరూ పట్టకుండా పిల్లల్ని కాపలా పెట్టేం, వాళ్లకి జీళ్లు కొనిపెట్టాల్సొచ్చింది.

మే 12

పేట చివరి కొళాయి: 0.3. గులాబీ రంగు. ఫోటో తీసి బావకి పంపితే "ఫిల్టర్ పెట్టి తీశావా" అని అడిగేడు.

మే 19

సీసాలు ఐదూ మారలేదు. కానీ హెచ్2ఎస్ సీసా ఒక సూచన మాత్రమే, అందుకని ల్యాబ్‌కి శాంపిళ్లిచ్చేం. క్రిముల పరీక్షకిచ్చే సీసాలో ముందే సోడియం థయోసల్ఫేట్ వేసి ఉంచుతారు, నీళ్లలో ఉన్న క్లోరిన్ దారిలోనే క్రిముల్ని చంపేసి మనకి తప్పుడు రిజల్ట్ రాకుండా. ఐసులో పెట్టి ఆరు గంటల్లోపు చేర్చాలన్నారు, బండి మీద థర్మాకోల్ డబ్బా కట్టుకుని వెళ్తుంటే దారిలో ఇద్దరు రొయ్యలా అని ఆపేరు.

మే 27

రిపోర్టొచ్చింది. ఈ.కోలై, అంటే మలంతో వచ్చే క్రిమి, వంద మిల్లీలీటర్లలో లేదు, మూడు శాంపిళ్లలోనూ. ఫ్లోరైడు, నైట్రేటు, క్లోరైడు అన్నీ పరిమితిలోపే. మడ్డితనం మాత్రం 4 ఎన్‌టీయూ, ఒకటి లోపుంటే మంచిది, వేరే దారి లేనప్పుడు ఐదు దాకా ఒప్పుకుంటారు. అది ఇల్లు కట్టే ఇసక చలవ.

మోటార్లు తియ్యమని దండోరా వేయించేరు. ముప్పై రెండులో పద్నాలుగు తీశారు. వారం తిరిగేసరికి అందులో ఐదు మళ్లీ బిగించేశారు.

అమ్మ టిన్ను మానేసిందా అంటే, లేదు. రోజు విడిచి రోజు కొంటోంది ఇప్పుడు.

జూన్ 8

కాలవలు వదిలేరు. మొదటి నీళ్లు టీ డికాక్షన్ లాగా, మీద నురగ, రెండు నెలలు కాలవలో పడ్డ చెత్తంతా కొట్టుకొస్తోంది. చెరువులో ఇంకా మూడడుగులే ఉంది. వార్డు మెంబరొకాయన ఫోన్ చేసి తూము ఎత్తెయ్యమంటున్నాడట. బాబాయ్ వెళ్లి తూము మీద కూర్చున్నాడు, ఐదు రోజులు కాలవ కడిగాకే పడతానని. "మూడడుగులు ఎన్నాళ్లొస్తది?" అనడిగేను. తొమ్మిది రోజులన్నాడు, మెట్లమీద సుద్దగీతలు గీసి పెట్టుకున్నాడు రోజువారీ, నేనెప్పుడూ చూడనేలేదు.

డీపీడీ బిళ్లలు ఇంకా నలభై ఉన్నాయి. పేటలో ఇంటర్ చదివే అమ్మాయి చివరి కొళాయి చూస్తానంది, వాళ్ల ఇంటి ముందే. రేపు ఐదున్నరకి తనకి నేర్పించాలి, బిళ్ల వేలితో ముట్టుకోకూడదని ముందే చెప్పాలి.